వాపసు లేని విద్య

ముందే ఒప్పుకుంటే పోతుంది. ఒకప్పుడు నేను మనుషులకు విద్యలు పంచిపెట్టే ఉద్యోగం చేశాను. పంచడమనే విద్య నాకు రాదని తెలుసుకోవడానికే దాదాపు ఏడాది పట్టింది. తెలుసుకున్నాక కూడా, తెలిసినదాన్ని నిలబెట్టుకునే ధైర్యం లేక ఇంకో మూర్ఖత్వం చేశాను. మూర్ఖత్వంలో మాత్రం నాకు ఎవరూ శిక్షణ ఇవ్వనక్కరలేకపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన ఆదివారం మా అమ్మాయి సెల్‌ఫోనులో ఏదో ఆట ఆడుకుంటూ, తెర నా ముఖం ముందు పెట్టి, వీటిలో ఏది తీసుకోమంటావు నాన్నా అని అడిగింది. కత్తి పట్టుకున్న ఒక పిల్ల బొమ్మ మూడు దారుల ముందు నిలబడి ఉంది. ఒక దారిన పోతే వేగం, ఒక దారిన పోతే బలం, మూడో దారిన పోతే మాయ. నేను కళ్ళజోడు సవరించుకుని, ఆ పిల్లకు జాతకం రాయబోతున్నంత గంభీరంగా ఆలోచించడం మొదలుపెట్టేలోగా, అమ్మాయి ఏదో ఒకటి నొక్కేసి, "ఏదైనా ఒకటేలే, తర్వాత మార్చుకోవచ్చు" అని లేచి వెళ్ళిపోయింది. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మాటను మొదట కర్నూలులో, ఒక చీరల అంగట్లో, మా మేనమామ నోట విన్నాను. ఆ మాట వల్లే మా బావ ఒక పూర్తి ఏడాది ఓడిపోయాడు.

ఇది వరదకు ముందు మాట. కర్నూలులో బతికినవాళ్ళకు కాలం రెండే ముక్కలు కదా, వరదకు ముందు, వరద తర్వాత. మేము పనిచేసిన గదినీ అందులోని యంత్రాన్నీ ఆ నీళ్ళే తీసుకుపోయాయి కాబట్టి, సాక్ష్యం చూపించమంటే నా దగ్గర ఈ జ్ఞాపకం తప్ప ఏమీ లేదు. అప్పటికి ఇంటర్నెట్టు ఇంకా జేబుల్లోకి రాలేదు. ప్లైవుడ్డు చెక్కలతో గూళ్ళు కట్టిన సెంటర్లలో, చెప్పులు బయట విడిచి, పక్కగూటివాడి మోచెయ్యి తగులుతూ ఉంటే సర్దుకుని కూర్చుని చూసే వస్తువది. మీలో చాలామంది ఆ గూళ్ళలోనే పరీక్షా ఫలితాలు చూసుకుని ఉంటారు. నేనూ చూసుకున్నాను. కడపలో ఎంసీఏ ముగించి, ఫలితాలు బాగానే వచ్చినా ఉద్యోగం మాత్రం రాక, నందికొట్కూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్న రోజులవి.

మా మేనమామది కర్నూలు పాత ఊళ్ళో బట్టల అంగడి. సైకిలు మీద చీరల మూటతో ఊళ్ళు తిరిగి, చివరికి ఆ అంగడిదాకా వచ్చినవాడు. ఆ బజారులో మిగిలిన అన్ని అంగళ్ళలోనూ అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అనే బోర్డు వేలాడుతూ ఉంటే, మామ అంగట్లో ఆ బోర్డు ఉండాల్సిన మేకు మాత్రం ఖాళీగా ఉండేది. ఎవరు ఏ చీర తెచ్చినా, ఎప్పుడు తెచ్చినా, రంగు నచ్చలేదన్నా, ఆడబిడ్డ పెదవి విరిచిందన్నా, మారుమాటాడకుండా తీసుకుని ఇంకోటి ఇచ్చేవాడు. ఫాల్ కుట్టించిన చీరలు కూడా తీసుకునేవాడు. తక్కిన వ్యాపారులు ఆయనను చూసి మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు, ఎందుకంటే ఆడవాళ్ళందరూ ఆ అంగడికే పోతున్నారు.

ఆ మామ కొడుకు నాకు బావ. వయసులో నాకంటే కాస్త పెద్ద, తెలివిలో చాలా పెద్ద. బెంగుళూరులో మంచి కంపెనీలో చేరి, రెండేళ్ళకే మానుకుని ఇంటికి వచ్చేశాడు. ఒక ఆట తయారుచేస్తానన్నాడు. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని, వందలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆట. ప్రతివాడికీ అందులో ఒక పాత్ర ఉంటుంది, అది రోజురోజుకూ ఎదుగుతుంది, కొత్త విద్యలు నేర్చుకుంటుంది, తోటివాళ్ళతో గుంపుగా కోటల్లోకి పోయి భూతాలతో తలపడుతుంది. మామకు అర్థమైందో లేదో తెలియదు కానీ, అంగడి పైన చెల్లని సరుకు పడేసుకునే గదిని కొడుక్కి ఇచ్చి, ఒక షరతు పెట్టాడు. వచ్చే శ్రావణమాసం దాకా చూస్తాడు. చీరల అంగడికి శ్రావణమంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు, ఏడాది కడుపు నిండేది ఆ నెలలోనే. అప్పటికి ఆట తన కాళ్ళమీద నిలబడితే సరి, లేకపోతే బావ కిందికి దిగి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చోవాలి. ఇక లేవడం అంటూ ఉండదు. బావ సరేనన్నాడు. మా అమ్మ ఇదే అదననుకుని తన అన్నకు ఫోను చేసి, నన్ను కూడా ఆ గదిలోకి, చెల్లని సరుకుల మధ్యకే, పంపించింది.

ఆ గదిలో ఒక మూల చీరల మూటలు, ఇంకో మూల ఆట నడిపే యంత్రం, దానికి కాపలాగా ఒక ఇన్వర్టరు. కరెంటు పోయి, ఆ వెనకే ఇన్వర్టరూ చేతులెత్తేస్తే, లోకమే పోయేది. కొండలు, కోటలు, ముళ్ళచెట్లు, వాటి మధ్య తిరిగే మనుషులు అందరూ ఒక్క దెబ్బకు మాయమయ్యేవారు. మరుక్షణం సెంటర్లనుంచి ఫోన్లు. తెలుగు అక్షరాలు ఆ కాలపు కంప్యూటర్లలో డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి కాబట్టి, ఆటలోని ప్రతి మాటనూ బొమ్మగా గీసి అతికించేవాళ్ళం.

ప్రోగ్రాము రాయడం బావ పని. పాత్రలకు విద్యలు కూర్చడం నా పని. ఒక్కో పాత్ర ఏ కోవకు చెందినదో ముందు తేల్చాలి కదా, ఆ కోవను ఏమని పిలవాలన్నదానిమీదే మాకు వారం పోయింది. తరగతి అంటే బడి గుర్తొస్తుంది. వర్గం అందామంటే మా జిల్లాల్లో ఆ మాటకున్న అర్థం వేరు, ఆటకోసం పోలీసులు రావడం మాకిష్టం లేదు. కులం అన్న మాట నా నోటినుంచి వచ్చీ రాకముందే బావ నా నెత్తిన ఒకటిచ్చాడు. చివరికి వృత్తి అనుకున్నాం. యోధుడు, వేటగాడు, వైద్యుడు, మాంత్రికుడు. నేను అల్లుణ్ణి కదా, అల్లుకుంటూ పోయాను. ఒక్కో వృత్తికీ కొమ్మలు, కొమ్మకు రెమ్మలు, రెమ్మరెమ్మకూ విద్యలు. ఈ విద్య తీసుకుంటే దెబ్బ నూటికి రెండు పాళ్ళు ఎక్కువ తగులుతుంది, ఆ విద్య తీసుకుంటే గాయం నూటికి మూడు పాళ్ళు త్వరగా మానుతుంది. గోడంతా కాగితాలతో నింపి, దూరంనుంచి చూసుకుని మురిసిపోయాను. ఎన్ని రకాలు! ఏ ఇద్దరు మనుషులూ ఒకటిగా ఉండే వీలే లేదు! చీరల అంగడి పైన కూర్చున్నందుకు నాకూ ఆ జబ్బే అంటుకుందని, రకాలు పేర్చడమే పనితనం అనుకుంటున్నానని అప్పట్లో తోచలేదు.

తోచేలా చేసింది కడప. మా కళాశాల స్నేహితుడి పెళ్ళికని పోయి, మూడుముళ్ళకు ఇంకా టైముంటే, పాత అలవాటుకొద్దీ ఒక సెంటర్లోకి దూరాను. పక్కగూట్లో ఇద్దరు మన ఆటే ఆడుతున్నారు. నా గుండె ఉప్పొంగింది. ఎవరి నోటనైనా మన సరుకు గురించి చాటుగా వినడంలో ఉన్న సుఖం రచయితలకూ వంటవాళ్ళకూ తెలుస్తుంది. చెవి ఆ చెక్కకు ఆనించాను.

"వైద్యునికి యా విద్య తీసుకోవల్లప్పా?"

"కండ్లు మూసుకోని పైనుంచి మూడు నొక్కు. ఆమింద ఎడమపక్కవి. అందరూ అదే."

"తక్కినవి?"

"తక్కినవి ఊరికే పెట్టినారు. ఎవరికో పని లేక."

ఆ ఎవరికో నేనే. ఆ మధ్యాహ్నం పెళ్ళిభోజనం నాకు సయించలేదు. కర్నూలు వచ్చి బావా నేనూ పాత్రలను ఒక్కొక్కటే తెరిచి చూశాం. వైద్యులందరూ ఒకే అచ్చు, యోధులందరూ ఒకే అచ్చు. నేను మొలిపించిన రెమ్మలన్నీ ఎండిపోయి, ఒక్క కాడ మాత్రం నిలిచి ఉంది. లెక్క తెలిసిన ఎవడో ఒకడు ఏది లాభమో కట్టి చెప్పేశాడు, మిగతావాళ్ళు దాన్నే పట్టుకున్నారు. అందులో వాళ్ళ తప్పేముంది? నేను ఎంత అన్నదాన్నే మార్చాను, ఎట్లా అన్నదాన్ని ముట్టుకోలేదు. బావ గోడమీద కాగితాలవైపు చూసి, శ్రావణానికి ఇంకా ఎన్ని నెలలున్నాయో వేళ్ళమీద చూసుకున్నాడు. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

దారి దొరికింది మామ ఇంట్లో, మామిడిపళ్ళ బుట్ట ముందు. ఎండాకాలం వస్తే బనగానపల్లెనుంచి మామకు పళ్ళు రావడం, అవ్వ, అంటే మామ తల్లి, బుట్ట ముందు పీట వేసుకుని కత్తితో కోసి అందరికీ పంచడం ఆ ఇంటి ఆనవాయితీ. అందరికీ పెట్టే అవ్వ తాను మాత్రం ఒక్క ముక్క నోట పెట్టదు. తాత పోయాక కాశీకి వెళ్ళి మామిడిపండు వదిలేసి వచ్చింది. చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే. ఆ రోజు మాత్రం, మనసులో వైద్యుడు తిరుగుతూ ఉన్నందుకో ఏమో, అడిగాను. వదిలేయాల్సి ఉంటే కాకరకాయ వదిలేయొచ్చు కదవ్వా, ఇంతమంచి పండెందుకు అని.

"ఇష్టం లేనిది ఇడిసిపెడితే ఏం లాబంరా?" అంది కత్తి ఆపకుండా. "మా యారాలు కాకరకాయ ఇడిసింది. దాని పుణ్యం కాకరకాయంతే. నేను ఈ పండు ఇడిసినా కాబట్టి, ఇంట్లో పండు వచ్చినప్పుడల్లా మీ తాత వస్తాడు."

తోడికోడలిమీద ఆ వయసులో కూడా అంత కచ్చ ఉన్నందుకు అందరూ నవ్వారు. నేను చేతిలో ముక్కతో అట్లాగే ఉండిపోయాను. ఊళ్ళో అవ్వ ఈడువాళ్ళు ఎందరో ఉన్నారు. ఎవరికైనా ఆమెను గుర్తుచేయాలంటే, కాశీలో మామిడిపండు వదిలేసి వచ్చినామె అంటారు. తినే పళ్ళను పట్టి మనిషిని గుర్తుపట్టినవాడు లేడు.

మరునాడే బావకు చెప్పాను. ఆటలో ఒక కొండ ఉండాలి. పాత్ర ఒక స్థాయికి ఎదిగాక ఆ కొండ ఎక్కాలి. అక్కడ తనకున్నవాటిలో పనికొచ్చే విద్య ఒకటి వదిలేయాలి, ఎప్పటికీ. దానికి బదులు, అట్లా వదలనివాళ్ళెవరికీ లేని విద్య ఒకటి వస్తుంది. యోధుడు వెనక్కి పారిపోయే విద్య వదిలేస్తే, పక్కవాడిమీద పడబోయే దెబ్బను తనమీదకు తీసుకోగలడు. వేటగాడు దగ్గరివాటిని కొట్టడం వదిలేస్తే, కోటగోడ అవతల ఏమున్నదో చూడగలడు. వైద్యుడు తన గాయం తాను మాన్పుకోవడం వదిలేస్తే, కూలిపోయినవాణ్ణి లేపి నిలబెట్టగలడు. కాకరకాయలు వదిలేయడం కుదరదు. తిరిగి తీసుకోవడం అసలే కుదరదు. బావ చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, "ఈసారి ఊరికే పెట్టలేదులేప్పా" అన్నాడు. ఏడాదిలో ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

కొండ తెరిచిన రోజులను ఇప్పటికీ పండుగలాగా తలుచుకుంటాను. నెలలతరబడి కళ్ళు మూసుకుని నొక్కినవాళ్ళు, కొండమీద కళ్ళు తెరిచి నిలబడిపోయారు. పైకి ఎక్కి, ఏమీ వదలలేక, కిందికి దిగి వచ్చినవాళ్ళున్నారు. సెంటర్లలో పక్కపక్క గూళ్ళవాళ్ళు వాదులాడుకునేవారట. అందరిలోకీ ముందుగా, ఎక్కువ ఆలోచించకుండా కొండ ఎక్కినవాడు కడపలో ఒక వైద్యుడు. నిజజీవితంలో నాపరాళ్ళ అంగట్లో గుమాస్తా అని తర్వాత తెలిసింది. తన గాయం తాను మాన్పుకునే విద్యను వదిలేశాడు. ఆనాటినుంచీ ఆటలో అతని నడకే మారిపోయింది. ఒంటరిగా పోలేడు. పోతే చిన్న గాయానికే నెత్తురు కారి పడిపోతాడు. కానీ గుంపులో అతనుంటే, పడినవాడు లేస్తాడు. కోటలోకి పోయేటప్పుడు ఎవరూ చెప్పకుండానే నలుగురు అతని చుట్టూ నిలబడేవారు. అతను రాని సాయంత్రాల్లో కోట తలుపు ముందు గుంపంతా కూర్చుని, డాక్టరు ఇంకా రాలేదని ఎదురుచూసేది. మేమిద్దరం పనులు మానుకుని తెరమీద ఆ ఎదురుచూపు చూస్తూ ఉండేవాళ్ళం. బావ ముఖం అంత తేటగా ఉండటం మళ్ళీ చూడలేదు.

మామ కూడా ఆడేవాడు. మొదట సరుకు తనిఖీ చేయాలన్నాడు, తర్వాత తనిఖీ దినచర్య అయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంగడి మందంగా ఉండే వేళ, పైకి వచ్చి మూటకు ఆనుకుని కూర్చుని ఒక వైద్యుణ్ణి పెంచాడు. కడప డాక్టరుకు దొరుకుతున్న మర్యాద చూసి ముచ్చటపడి, తానూ కొండ ఎక్కి, అదే విద్య వదిలేసి దిగాడు. చుట్టూ నిలబడేందుకు మాత్రం నలుగురు రాలేదు. మర్యాద వదిలిన విద్యతో రాదు, నిలబడిన రోజులతో వస్తుంది, ఆ ఓపిక మామకు లేదు. మూడో రోజుకే ఆయన వైద్యుడు ఒక నక్క కరిచి, మందు లేక, దారిపక్కన పడిపోయాడు. ఆ వారంలోనే, కొండమీద తొందరపడి ఇప్పుడు చింతిస్తున్న ఇంకొందరు మాకు ఈమెయిళ్ళు రాశారు. వాళ్ళు కొద్దిమందే, గొంతు మాత్రం పెద్దది. మామ వాటిని బావచేత చదివించుకుని విని, మమ్మల్ని కిందికి పిలిచాడు.

"ఏమప్పా, గిరాకీ ఏడుస్తాంటే మీరు పైన కూచోని నవ్వుకుంటాండారంట?"

"నవ్వుకోలేదు నాయనా. వాళ్ళకు ముందే చెప్పినాం, వదిలితే రాదని."

"చెప్తే? చీర కొనేటప్పుడు ఆమెకు బాగుంటాది. ఇంటికి పోతే బాగుండదు. తెచ్చిస్తే తీసుకోవల్ల. తీసుకుంటేనే మళ్ళా వస్తాది. ముప్పైయేండ్లుగా నేను చేస్తాండేది ఇదే."

"ఇది చీర కాదు నాయనా."

"చీర కాకుంటే రవిక. గిరాకీ గిరాకీనే. వాపసు పెట్టండి."

బావ నావైపు చూశాడు. విద్యలు నా పని కాబట్టి, కాదనాల్సింది నేను. శ్రావణానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి, మామ కాదంటే గది లేదు, పైగా ముప్పైయేళ్ళు అంగడి నడిపిన మనిషికి జనం సంగతి మాకంటే తెలుస్తుందేమో అన్న ఆశ కూడా లోపల ఉంది. నేను తల ఊపాను. కొండ కింద ఒక మీట పెట్టాం. వదిలినది ఎప్పుడంటే అప్పుడు తిరిగి తీసుకోవచ్చు, తీసుకున్నది మళ్ళీ వదలవచ్చు.

మొదట్లో మామ మాటే నిజమనిపించింది. జనం పెరిగారు. చింతించినవాళ్ళు సంతోషించారు. ఆ తర్వాత, నీళ్ళు ఇంకిపోయినట్టుగా, ఏదో ఇంకిపోవడం మొదలైంది. కోట తలుపు ముందు ఎవరూ ఎవరికోసమూ ఆగడం లేదు. పడినవాణ్ణి లేపాలా, గుంపులో ఏ వైద్యుడైనా మీట నొక్కి ఆ విద్య తెచ్చుకుని, లేపి, మళ్ళీ మీట నొక్కి తన మందు తాను తెచ్చుకునేవాడు. అందరికీ అన్నీ ఉన్నాయి. కడప డాక్టరు మీట ముట్టుకోలేదు. వదిలినది వదిలినట్టే ఉండి, చుట్టూ ఎవరూ నిలబడకపోతే పడిపోతూ, లేస్తూ, కొన్నాళ్ళు ఉన్నాడు. ఒక సాయంత్రం కోట ముందు ఒక వాక్యం రాసి వెళ్ళిపోయాడు. ఆటలో తెలుగు అక్షరాలు కొట్టడం కుదరదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. "నేను లేకున్నా జరుగుతాదిలేప్పా, ఆడుకోండి." అతని వెనక ఒకరు, వారి వెనక ఇద్దరు. నిష్ఠూరాలు లేవు, ఈమెయిళ్ళు లేవు. అంగడి తలుపులు తెరిచే ఉన్నాయి, లోపల సరుకంతా ఉంది, వచ్చేవాళ్ళు రాలేదు.

శ్రావణానికి ముందు రోజుల్లో బావ తండ్రి దగ్గరకు పోయి ఒక్క ఏడాది అడిగాడు. మీట తీసేస్తాననీ, పోయినవాళ్ళను తెచ్చుకుంటాననీ, ఈసారి ఏమి చేయాలో తెలిసిందనీ చెప్పాడు. నేను గడప ఇవతల నిలబడి విన్నాను.

"శ్రావణం అన్నా. శ్రావణమే."

"ఇంకొక్క ఏడాది నాయనా. అంతే."

"మాట ఇచ్చినావా లేదా? ఇచ్చినాక మళ్ళా ఏముండాది?"

మామ కఠినుడు కాడు. ఆయనకు అది కఠినంగా తోచనే లేదు. మొదటి శుక్రవారం బావ తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కిందికి దిగాడు. మామ గల్లాపెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, కొడుకును భుజంపట్టి కూర్చోబెట్టాడు. నేను మెట్లమీదే ఉన్నాను. ఆ ఉదయం మొదట వచ్చినామె కొనడానికి రాలేదు, పోయిన నెల కొన్న చీర తెచ్చి, అంచు నచ్చలేదంది. ఫాల్ కుట్టించి ఉంది. బావ దాన్ని విప్పి, మడిచి, పక్కన పెట్టి, ఇంకోటి చూసుకోమ్మా అన్నాడు. మామ ఆ పక్కనుంచి చూసి సంతోషించాడు. నేను మెట్లెక్కి పైకి పోయి, చాలాసేపు ఆ గదిలో ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు మామ లేడు. అంగడి ఉంది, ఇంకా పెద్దదైంది. ఆ బజారులో వాపసు తీసుకోబడదు అనే బోర్డులు ఒక్కటీ లేవు. అక్కరలేదు కూడా, ఇంటికే వచ్చి ఇచ్చి, ఇంటికే వచ్చి తీసుకుపోయే కాలం. ఇదంతా చెడ్డదనను, నచ్చని చీర జీవితాంతం కట్టుకోమనడానికి నేనెవణ్ణి? ఆటలు చేసే పిల్లలు నాకంటే ఎంతో తెలివైనవాళ్ళు, మీట ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో నాకంటే బాగా ఆలోచించే ఉంటారు. నాకు ఒక్కటే బెంగ. మా తరంలో ఒక మనిషిని తలుచుకుంటే, అతను ఏది పట్టుకున్నాడన్నదానికంటే ఏది వదులుకున్నాడో ముందు గుర్తొస్తుంది. మమ్మల్ని తలుచుకునేవాళ్ళకు ఏమి గుర్తొస్తుందో తెలియదు. బావను తలుచుకుంటే నాకు మాత్రం ఆ ఇస్త్రీ చొక్కా గుర్తొస్తుంది.

ఇక నా పగ సంగతి చెప్పాలి. చిన్నదే. అల్లుడి స్థాయికి తగినది.

నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆట పేరుకు నడుస్తూనే ఉంది, మామ మధ్యాహ్నాలు పైకి వచ్చి ఆడుకుంటాడు కాబట్టి యంత్రం ఆపలేదు. ఆయన వైద్యుడు ఆ మీటను ఆపకుండా నొక్కుతూ, ఈ నిమిషం ఒక విద్యతో, మరునిమిషం ఇంకో విద్యతో, ఎవరి అవసరమూ లేకుండా తిరుగుతున్నాడు. బయలుదేరే రోజు, సంచి సర్దుకున్నాక, యంత్రం ముందు కూర్చుని ఒకే ఒక్క వరుస రాశాను. లోకంలో అందరికీ మీట పనిచేస్తుంది, మామ వైద్యుడికి తప్ప. అది కూడా ఆయన కొండమీద ఆనాడు తన చేత్తో వదిలినది వదిలినట్టు ఉండేలా చూసి మరీ రాశాను. కిందికి దిగి, మామ కాళ్ళకు మొక్కి, బస్సెక్కాను.

వారం తిరగకముందే ఫోను.

"ఏమిరా అల్లుడా, నా డాక్టరుకు వాపసు పనిచేయలే. ఏం జేసి పోయినావు?"

"ఏమో మామా, ఇట్లాంటివి వస్తాంటాయి. బాగుచేసేవాడు మీ గల్లా ముందే కూచోని ఉండాడు కదా, అడుగు."

"వాడు పైకొస్తే గల్లా ఎవరు చూస్తారు?"

"మధ్యాహ్నం ఒక గంటే కదా మామా. ఆ టయంలో గిరాకీ యాడుంటాది?"

మామ ఫోను పెట్టేశాడు. తర్వాత కొన్ని వారాలు ఏ కబురూ లేదు. నేనే భయపడి, ఒక మధ్యాహ్నం ఆఫీసునుంచి బావకు ఫోను చేశాను. మోగి మోగి, చివరికి ఎత్తాడు. వెనక ఫ్యాను చప్పుడు. గల్లా దగ్గర ఫ్యాను లేదు, ఆ చప్పుడు పైగదిది.

"చూసినాలే," అన్నాడు, నేను అడగకముందే. "ఒక్క వరుస. తీసేస్తే సరిపోతాది."

"తీసేసినావా బావా?"

"లేదప్పా. బాగుకాదని చెప్పినా. ఆటలో దినామూ ఆయన పక్కన ఇంకొక మనిషి నిలబడితేనే నడుస్తాదని చెప్పినా."

ఇంకా ఏదో చెప్పబోయాడు. ఈలోగా ఆయన పక్కనుంచి మామ గొంతు, అంగట్లో ఎవరిమీదా ఎన్నడూ ఎత్తనంత గట్టిగా వినిపించింది.

"రేయ్, ఆ ఫోను పక్కన పెట్టి ముందుకు రారా, నాకు గాయమైండాది!"